కొండ మీది బండకూ, కింది బండకూ ఒకటే లెక్కా?

ప్రశ్న: నా వయసు 54. విజయవాడలో ఒక గ్యాస్ ఏజెన్సీ తరఫున 22 ఏళ్లుగా ట్రాలీ ఆటో నడుపుతూ ఇళ్లకు బండలు వేస్తున్నాను. మేం పద్నాలుగు మందిమి. మనిషికి రోజుకు 40 బండలు లెక్క, బండకింత అని కూలి. నా లైన్‌లో చిట్టినగర్, విద్యాధరపురం వైపు కొండ మెట్ల ఇళ్లు ఎక్కువ. అక్కడివాళ్లు బిల్లు కాక ముప్పయ్యో నలభయ్యో రూపాయలు ఇస్తారు. ఏడాదిగా కుడి భుజం, నడుము లాగేస్తున్నాయి. లైన్ మార్చమని మేనేజరును అడిగితే, నేను పని నేర్పిన 26 ఏళ్ల కుర్రాడు అందరి ముందూ ‘కొండ ఎక్కలేకపోతే బండి దిగిపో బాబాయ్, నీ బండలు మేమెందుకు మొయ్యాలి’ అన్నాడు. ఆ మాట తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. మా అబ్బాయి పని మానేయమంటున్నాడు. మా ఆవిడకు మెట్టు జారి పట్టేసిందని చెప్పాను, అసలు సంగతి చెప్పలేదు. తక్కువ మొయ్యాలని అడగడం తప్పా?

జవాబు: తప్పు కాదు. అయితే మీరు తక్కువ మొయ్యాలని అడుగుతున్నానని అనుకుంటున్నారు గానీ, మీ ఉత్తరం చదివాక నాకు అర్థమైనదేమిటంటే, ఇన్నేళ్లుగా మీరు అందరికంటే ఎక్కువ మోస్తున్నారు, ఆ ఎక్కువ ఏ పుస్తకంలోనూ రాయలేదు. ఇంటికి వచ్చే నిండు బండలో గ్యాసు 14.2 కిలోలు, ఇనుము 15 కిలోల పైమాట. వెరసి సుమారు 30 కిలోలు. కొండ మీది ఇంటికి 120 మెట్లున్నాయనుకుందాం. మెట్టు ఆరంగుళాలే అనుకున్నా 60 అడుగులు, అంటే లిఫ్టు లేని ఆరంతస్తుల మేడ ఎత్తు. రోజుకు అలాంటి ఇళ్లు పన్నెండు తగిలితే, ముప్పై కిలోల బరువుతో మీరు ఆ మేడను పన్నెండుసార్లు ఎక్కినట్లు, ఖాళీ బండతో పన్నెండుసార్లు దిగినట్లు. మెట్లు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు మోకాలి చిప్ప మీద ఒత్తిడి ఎక్కువ కనుక, ఖాళీ బండే కదా అని దానిని తీసిపారేయడానికి లేదు. రోడ్డు పక్క ఇళ్లకు బండ వేసేవారు ఆటో మీంచి దించి, అంచు మీద నిలబెట్టి, గుమ్మం దాకా దొర్లించుకుంటూ వెళ్తారు. ఏజెన్సీ పుస్తకంలో మాత్రం అదీ ఒక బండే, ఇదీ ఒక బండే. నలభైకి నలభై సమానమని రాసుకున్న ఆ లెక్కలోనే అన్యాయం ఉంది.

వయసు సంగతి కూడా ఉన్నదున్నట్లు చెప్పుకుందాం. యాభై దాటాక కండబలం తగ్గుతూ వస్తుంది, వెన్నుపూసల మధ్య మెత్తదనం తగ్గుతుంది, నిన్నటి అలసట తీరకముందే ఇవాళ్టి పని వచ్చి మీద పడుతుంది. ఇది ఒళ్లు దాచుకోవడం కాదు. ఇరవై రెండేళ్లు ఒకే భుజాన బరువు పెట్టుకున్న మనిషికి ఆ భుజమే మొదట చెప్పడంలో వింత లేదు.

ఇక ఆ కుర్రాడి మాట. పది మందిలో, పని నేర్పిన మనిషిని, బాబాయ్ అంటూనే అలా అనడం క్రూరంగా ఉంది, మీకు నిద్ర పట్టకపోవడం నాకు అర్థమవుతుంది. కానీ అతని మాటలో మొరటుతనాన్ని పక్కన పెట్టి చూస్తే, ఒక భయం కూడా కనిపిస్తోంది. మీ లైన్ మారితే ఆ మెట్లు అతని మీద పడతాయి, కూలి పైసా పెరగదు. ఇవాళ మీ మోతను అతని వీపు మీదికి మార్చి ఊరుకుంటే, నలభై ఏళ్లు రాకముందే అతనూ మీలాగే ఉత్తరం రాయవలసి వస్తుంది. అందువల్ల ‘నేను పెద్దవాణ్ని, నాకు తేలిక లైన్ ఇవ్వండి’ అని ఒక్కరే అడిగితే అది దయగా మిగిలిపోతుంది, రేపు మేనేజరు మారగానే ఆ దయ కూడా పోతుంది. పద్నాలుగు మందికీ వర్తించే లెక్క అడగండి. కొండ మీది బండ ఒకటి వేస్తే కింది బండలు రెండు వేసినట్లు రాయాలి, కూలీ ఆ ప్రకారమే ఇవ్వాలి, కొండ లైన్ నెలనెలా చేతులు మారాలి, యాభై దాటినవారికి ఆ వంతు సగమే ఉండాలి. ఆ సగం మినహాయింపు ఆ కుర్రాడికీ ఎప్పటికైనా అక్కరకు వచ్చేదే. ఈ మాట అతనికి మీరే, టీ కొట్టు దగ్గర ఒంటరిగా దొరికినప్పుడు చెప్పండి. అందరి ముందూ అన్నాడని అందరి ముందే సమాధానం చెప్పనక్కరలేదు.

మీరు దాచకుండా రాశారు కనుక నేనూ దాచకుండా చెబుతాను, ఆ ముప్పై నలభై రూపాయల సంగతి. ఇంటికి చేర్చే ఖర్చు బండ ధరలోనే కలిసి ఉంటుంది, బిల్లు మీద ఉన్నదానికంటే ఎక్కువ అడగకూడదన్నది చమురు కంపెనీల నియమం. మీ మోతకు విలువ ఇవ్వవలసినది ఏజెన్సీ. అది ఇవ్వకపోవడం వల్ల, మెట్ల మీద నివసించే పేదవారు తమ కూలిలోంచి మీ కూలి చెల్లిస్తున్నారు, మీరేమో ఆ చిల్లర పోతుందన్న బెంగతో నొప్పిని భరిస్తూ వచ్చారు. లైన్ మారితే ఆ డబ్బు పోతుంది, దానికి ఇంట్లో ముందే సిద్ధపడండి. ఒక్కో ఫిర్యాదుతో ఎప్పుడైనా పోగలిగిన డబ్బును నమ్ముకుని వెన్నును పణంగా పెట్టకండి.

యజమాని దగ్గరకు ఉత్త చేతులతో వెళ్లకండి. పది రోజులపాటు ఒక చిన్న నోటు పుస్తకంలో రోజుకు ఎన్ని బండలు, వాటిలో ఎన్ని కొండ మీదికి, ఎన్ని మెట్లు అన్నది రాయండి, కింది లైన్ చూసే ఇద్దరు ముగ్గురిని కూడా రాయమనండి. ఓటీపీ కొట్టిన ప్రతి బండ వివరమూ ఏజెన్సీ దగ్గర ఉంటుంది కాబట్టి మీ లెక్క అబద్ధమనడం కష్టం. అలాగే మీ దగ్గర ఆ కుర్రవాళ్ల దగ్గర లేనిదొకటి ఉంది. ఏ ఇంట్లో రెగ్యులేటరు వదులుగా ఉంటుందో, ఎవరి గొట్టం పాతబడిందో, బండ మూతిలో రబ్బరు వాషరు అరిగితే వాసన ఎలా తెలుస్తుందో మీకు చేతి మీద తెలుసు. ప్రతి ఇంటా అయిదేళ్లకోసారి భద్రతా తనిఖీ జరగాలి, లీకేజీ ఫిర్యాదులు రోజూ వస్తుంటాయి. వారంలో రెండు రోజులు ఆ పని అప్పగించమని, దానికి శిక్షణ ఇప్పించమని అడగండి.

పద్నాలుగు మంది పనిచేస్తున్నారంటే అక్కడ ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉందో లేదో తప్పక కనుక్కోండి. పది మందీ ఆపైన పనిచేసే చోట, నెల వేతనం 21,000 రూపాయలు దాటనివారికి అది వర్తిస్తుంది. కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. డాక్టరు విశ్రాంతి రాస్తే ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది, ఆసుపత్రి మీ గుణదలలోనే ఉంది. మీరంతా కమీషన్ మీద పనిచేసేవారు, ఉద్యోగులు కారు అని యజమాని అంటే, ఆ మాటతో ఆగిపోకుండా కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పుడు, 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష యజమాని చేయించాలని కేంద్రం ప్రకటించింది. దానిని కూడా ప్రస్తావించండి.

అంతకంటే ముందు, ఈ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించుకోండి. కాలిలోకి తిమ్మిరి పాకడం, పాదం పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు తప్పడం వంటివి కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకండి.

మీ అబ్బాయి మానేయమనడం ప్రేమతోనే. కానీ 54 ఏళ్లకే ఇంట్లో కూర్చోబెట్టడం మీకు కొత్త బాధ అవుతుందని, మీరు వదలాలనుకుంటున్నది కొండను మాత్రమేనని అతనికి అర్థమయ్యేలా చెప్పండి. వృద్ధాప్య పింఛను రావాలన్నా సాధారణంగా అరవై నిండాలి. ఈ ఆరేళ్లు ఎలా గడపాలో కొడుకుతో కూర్చుని కాగితం మీద లెక్క వేసుకోండి, అతను నెలకు ఎంత పంపగలడో కూడా మొహమాటం లేకుండా అడగండి.

మీ ఆవిడ విషయంలో మాత్రం నాకు కొంచెం బాధ కలిగింది. మెట్టు జారిందన్న మాటను ఆమె నమ్మి ఉంటుందని మీరు అనుకుంటున్నారు. ఏడాదిగా రాత్రిపూట ఆ భుజానికి మందు రాసే చేతికి, ఒకసారి జారిన నొప్పికీ రోజూ పెరిగే నొప్పికీ తేడా తెలియకుండా ఉండదు. ఇవాళ ఆమె మందు సీసా తీసినప్పుడు, కుర్రాడి మాటతో సహా జరిగినదంతా చెప్పండి. డాక్టరు దగ్గరకు ఆమెను కూడా వెంట తీసుకుని వెళ్లండి.