జపాన్‌లోని క్యోటో ఆలయాలు చాలావరకు కాలిపోయి మళ్ళీ కట్టినవే అంటారు కదా, అంత ఖర్చు పెట్టుకొని వెళ్ళి చూడవలసిన పాతదనం అక్కడ ఉందా?

ఉంది. అయితే రామప్ప, లేపాక్షి వంటి రాతి గుళ్ళను చూసి అలవాటుపడిన కళ్ళకు అది వెంటనే కనిపించదు. నేను ఒసాకాలో ఉద్యోగం చేసిన కాలంలో, సెలవు దొరికినప్పుడల్లా అరగంట రైలు ప్రయాణంతో క్యోటో వెళ్ళివస్తుండేవాణ్ణి. ఆ పరిచయంతో ఈ జవాబు రాస్తున్నాను.

మీరు విన్నమాట చాలావరకు నిజమే. 794లో రాజధాని అయి వెయ్యేళ్ళకు పైగా చక్రవర్తులకు నివాసమైన ఈ నగరం దాదాపు పూర్తిగా కలపతో కట్టినది కావడం వల్ల, 1467లో మొదలై పదేళ్ళు సాగిన ఓనిన్ యుద్ధంలోనూ, 1788 నాటి అగ్నిప్రమాదంలోనూ పేటలకు పేటలు బూడిదయ్యాయి. అందరూ ఫోటోలు తీసుకునే బంగారు మందిరం కింకాకుజిని 1950లో ఒక యువ సన్యాసి తగలబెట్టగా, 1955లో తిరిగి కట్టారు. లోయ మీదికి చొచ్చుకొచ్చిన వేదికతో ప్రసిద్ధమైన కియోమిజుదేరా ప్రధాన మందిరం 1633 నాటిది. దాని పైకప్పు హినోకి చెట్ల బెరడుతో నేసినది. కొన్ని దశాబ్దాలకొకసారి దాన్ని మార్చక తప్పదు, ఇటీవలి మార్పు 2020లో ముగిసింది. చెట్టు చావకుండా బెరడు ఒలిచేవారు, దాన్ని వెదురు మేకులతో పొరలు పొరలుగా పేర్చేవారు, ఆలయాలు మాత్రమే కట్టే వడ్రంగులు ఇప్పటికీ ఉండబట్టే ఆ పని సాధ్యమవుతోంది. ఈ విద్యలను 2020లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. క్యోటోలో వయసు లెక్కించవలసింది కలపకు కాక ఈ పనితనానికే అని నా అభిప్రాయం.

అలాగని నిజంగా పాతవి లేవని కాదు. తెలుగువారెవరైనా క్యోటో వెళ్తే తప్పక చూడమని నేను చెప్పేది సంజూసంగెన్‌దో. 1164లో వెలసిన ఈ ఆలయం 1249లో కాలిపోయి, 1266లో తిరిగి పూర్తయింది. దాదాపు 120 మీటర్ల పొడవున్న ఆ మందిరమే ఈనాటికీ నిలిచి ఉంది. లోపల 1001 కన్నోన్ విగ్రహాలు ఉన్నాయి. కన్నోన్ అంటే మన బౌద్ధ గ్రంథాల అవలోకితేశ్వరుడు. నిలువు విగ్రహాలు వెయ్యింటిలో 124 విగ్రహాలు ఆ 1249 మంటల నుంచి బయటికి తెచ్చినవి, మిగిలినవి ఆ తర్వాత చెక్కించినవి. నడుమ కూర్చున్న పెద్ద విగ్రహాన్ని తంకేయ్ అనే శిల్పి 1254లో, ఎనభై రెండేళ్ళ వయసులో ముగించాడు. అయితే నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి ఈ వెయ్యీ కావు, వాటి ముందు వరుసలో కాపలా నిలిచిన ఇరవై ఎనిమిది మంది పరివార దేవతలు. ముక్కూ రెక్కలూ ఉండి వేణువు ఊదుతున్న కరురా మన గరుడుడే. తైషకుతెన్ ఇంద్రుడు, బిషమోన్‌తెన్ వైశ్రవణుడు. ఎముకలు తేలిన శరీరంతో, చేతికర్రతో నిలబడిన ముసలి తాపసి బసు సెన్నిన్ దగ్గరకు వచ్చేసరికి, మన పురాణాల నుంచి లేచి వచ్చిన మనిషిలా తోచి కదలబుద్ధి కాలేదు. లోపల ఫోటోలు తీయనివ్వరు, చెప్పులు విప్పి వెళ్ళాలి. గుళ్ళకు వెళ్ళే మనకు ఆ రెండు నియమాలూ కొత్తవి కావు.

తోజి ఆలయంలోనూ ఇదే పరిస్థితి. పలుమార్లు కాలిపోయిన ఐదంతస్తుల గోపురాన్ని ఇప్పటి రూపంలో 1644లో కట్టారు. సుమారు 55 మీటర్ల ఎత్తుతో జపాన్‌లోని చెక్క గోపురాలలో అదే ఎత్తైనది. ఉపన్యాస మందిరం తర్వాతి కాలంలో కట్టినదే గాని, అందులోని ఇరవై ఒక్క విగ్రహాలలో అత్యధికం తొమ్మిదో శతాబ్దానివి. హంసల మీద నాలుగు ముఖాల బ్రహ్మ, ఏనుగు మీద ఇంద్రుడు అక్కడ దర్శనమిస్తారు. ప్రతి నెలా 21వ తేదీన ఆలయ ఆవరణలో పెద్ద సంత జరుగుతుంది, పాత కిమోనోల నుంచి ఊరగాయల దాకా అమ్ముతారు.

జూలైలో వెళ్ళగలిగితే గియోన్ ఉత్సవం చూడండి. 869లో అంటువ్యాధులు తగ్గాలని చేసిన ప్రార్థనతో మొదలైన పండుగ ఇది. 17, 24 తేదీలలో జరిగే రథాల ఊరేగింపు కన్నా, దానికి కొద్దిరోజుల ముందు వీధుల్లోనే ఆ రథాలను మేకులు లేకుండా తాళ్ళతో బిగించి కట్టడం చూడటం నాకు ఎక్కువ నచ్చింది. జనం తక్కువ, టికెట్టు లేదు, ఎంతసేపైనా నిలబడవచ్చు. 1864 మంటల్లో కాలిపోయిన ఓఫునే అనే పడవ ఆకారపు రథాన్ని పునర్నిర్మించి 2014లో మళ్ళీ ఊరేగింపులోకి తెచ్చారు. ఆ నెలలో అక్కడి ఉక్కపోత మాత్రం విజయవాడ వారిని కూడా హడలెత్తిస్తుంది.

ఎర్రని తోరణాల వరుసలున్న ఫుషిమి ఇనారి షింటో మందిరానికి రుసుము లేదు, రాత్రింబవళ్ళు తెరిచే ఉంటుంది. తెల్లవారుజామున వెళ్ళకపోతే ఆ తోరణాల కింద తలలు తప్ప ఏమీ కనిపించవు. గియోన్ పేటలోని ప్రైవేటు సందుల్లోకి పర్యాటకులు వెళ్ళడాన్ని 2024 నుంచి నిషేధించారు, ప్రవేశిస్తే 10,000 యెన్‌ల జరిమానా అని బోర్డులు ఉంటాయి. శాకాహారులు మరింత జాగ్రత్తగా ఉండాలి: చూడటానికి కూరగాయలే అయినా, జపనీయుల పులుసులకు ఆధారమైన దాషిలో సాధారణంగా ఎండుచేప పొరలు పడతాయి. ఆలయాల దగ్గర దొరికే షోజిన్ భోజనం బౌద్ధ సన్యాసుల శాకాహారం కనుక అది మేలు. నాన్‌జెన్‌జి ఆలయ పరిసరాల్లో వేడి టోఫూ వడ్డించే చోట, పక్కన ఇచ్చే సాస్‌లో చేప ఉందేమో అడిగి తెలుసుకోవాలి.

మీకు ఒక్క రోజే ఉంటే, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళగలిగిన తోజి, సంజూసంగెన్‌దోలను ఉదయం చూసి, మధ్యాహ్నం తర్వాత కియోమిజుదేరా ఎక్కండి. కింకాకుజి కోసం నగరం వాయవ్య మూలకు బస్సులో పడి వెళ్ళనవసరం లేదు.