జర్మనీలో ఉండే యాజిదీలు నిజంగా మన సుబ్రహ్మణ్యస్వామి భక్తులేనా?

ఈ ప్రశ్న ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెల్సు. నెమలి బొమ్మ పక్కన కుమారస్వామి ఫొటో పెట్టి "ఇరాక్‌లో మన హిందువులు" అని తిరిగే ఫార్వర్డ్, మా పెదనాన్నే నెలకోసారి పంపిస్తడు. వాళ్ళు హిందువులు కారు. యాజిదీలంటే ఉత్తర ఇరాక్ దిక్కున్న ఒక చిన్న మతం వాళ్ళు, కుర్దు భాష మాట్లాడ్తరు. నేను జర్మనీల ఓల్డెన్‌బుర్గ్‌ల మాస్టర్స్ చేసేటప్పుడు ఒక గోదాంల రాత్రి షిఫ్టుకి పోయేవాణ్ణి, నా పక్కన పార్సిళ్ళు సర్దేటాయన యాజిదీ, రెండేళ్ళు కలిసి పనిచేసినం, ఆ ధైర్యంతోనే చెప్తున్న.

ఏప్రిల్ నడుమ వాళ్ళకి చార్షెమా సోర్, అంటే ఎర్ర బుధవారం, వాళ్ళ కొత్త సంవత్సరం. 2019ల ఇంటికి రమ్మంటే పోయిన. వాళ్ళమ్మ నా చేతికి ఎరుపు తెలుపు పేనిన దారం కట్టింది, అచ్చం మన కంకణమే, రంగులేసిన గుడ్లు పెట్టింది. ఫార్వర్డ్ నిజమేనేమో అని నేను కూడా లోపల అనుకుంటున్న, ఇంతల ఆయన నాలుగేళ్ళ కొడుకు నా చార్జర్ వైరు గుంజి టీ గ్లాసు నా మీద బోర్లేసిండు. హైదరాబాదోణ్ణి కదా, ముద్దుగనే వచ్చింది నోట్లకెళ్ళి: "ఏయ్ సైతాన్!"

తెలుగులో ఏమన్నా ఎవరికి అర్థమైతది అనుకుంటం. ఆ ఒక్క మాట వాళ్ళ భాషల కూడా దాదాపు అదే. ముసలామె గుడ్డు పెంకు తీస్తున్న చెయ్యి ఆగిపోయింది. పిల్లగాన్ని వాళ్ళమ్మ లోపలికి తీస్కపోయింది. మావోడు నన్ను బాల్కనీలకి తోల్కపోయి "మా ఇంట్ల ఆ మాట ఎవ్వరం అనం" అన్నడు జర్మన్‌ల. వాళ్ళు కొలిచేది తావుసీ మెలెక్‌ని, నెమలి రూపంల ఉండే దేవదూత. చుట్టుపక్కలోళ్ళు ఆయనకే సైతాన్ అని పేరు పెట్టి, సైతాన్‌ని మొక్కేటోళ్ళని శతాబ్దాల నుంచి వీళ్ళని చంపుకుంట వచ్చిన్రు. 2014 ఆగస్టు 3న ఐసిస్ ఉగ్రవాదులు ఇరాక్‌ల వీళ్ళ శంగాల్ ప్రాంతం మీద పడ్డప్పుడు కూడా అదే సాకు, మనం వార్తలల్ల సింజార్ అని విన్నది అదే. ఆయన మేనత్త బిడ్డ ఆచూకీ అప్పటికి కూడా లేదు. ఇదంత చెప్పుకుంటనే నా అంగీ మీద టీ మరక టిష్యూతో తుడుస్తున్నడు.

ఇంక హిందువుల సంగతి. వాళ్ళల్ల షేక్, పీర్, మురీద్ అని పుట్టుకతో వచ్చే వర్గాలు, ఒకళ్ళనొకళ్ళు చేసుకోరు, బయట పెళ్ళంటే మొత్తానికే కట్. మతంలకి కొత్తగా చేరుడు కూడ లేదు, పుట్టాల్సిందే, కాబట్టి మీరు మావాళ్ళే అని మనం అంటే సరిపోదు. నెమలిని చూసి మురిసేటోళ్ళు ఈ కులాల పోలిక మాత్రం ఒక్కడు ఫార్వర్డ్ చెయ్యడు, ఎందుకో మరి.

జర్మనీల వీళ్ళు రెండు లక్షల దాకా ఉంటరంటరు. అందరూ 2014 తర్వాత వచ్చినోళ్ళు కాదు, 1960ల నుంచి టర్కీ విడిచి ఫ్యాక్టరీ పనులకి వచ్చినోళ్ళ మనవలు కూడ ఉన్నరు, పచ్చి జర్మన్‌లు. నోబెల్ శాంతి బహుమతి వచ్చిన యాజిదీ నాదియా మురాద్ కూడ జర్మనీల బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రం ఆడవాళ్ళకి, పిల్లలకి ఇచ్చిన కోటాల వచ్చింది. నాకు మండేది ఏందంటే, 2023 జనవరిల జర్మనీ పార్లమెంటే ఐసిస్ వీళ్ళని చేసింది జాతిహత్య అని తీర్మానం చేసింది, అదే ఏడాది ఇరాక్‌కి తిప్పి పంపుడు కూడ మొదలువెట్టిన్రు, యాజిదీలని సుద్ద. మావోడి తమ్మునికి ఇంక సేఫే కదా పో అని కాయితం వచ్చింది. ఊర్ల ఇల్లు లేదు, ఎక్కడికి పోవాలె? మన వీసా అపాయింట్‌మెంట్ మూడు నెలలు లేటైతేనే మనం గ్రూపులల్ల ఎంత లొల్లి చేస్తమో.

ఇప్పుడు మా అక్క కొడుకు అల్లరి చేస్తే నోటి దాకా వచ్చి "సై..." దగ్గరే ఆగిపోతది. వాడేమో మామ సైకిల్ కొనిస్తడని అందరికి చెప్పుకుంట తిరుగుతున్నడు.