మొదటి ఏడాదంతా గీతలేనా? డిజైన్ చదువుపై ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. మార్కులు బాగానే వస్తాయి. ఇంజినీరింగ్ వద్దు, బీడిజైన్ (నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ) చేస్తానంటోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు మొదటి సెమిస్టర్ నుంచే యాప్‌ల తెరలు డిజైన్ చేసే యూఐ, యూఎక్స్ సాఫ్ట్‌వేర్లు నేర్పుతామంటున్నారు. తనేమో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్), ఐఐటీ లాంటి చోటే చదవాలంటోంది. విచారిస్తే అక్కడ మొదటి ఏడాదంతా గీతలు గీయిస్తారని, కాగితాలు కత్తిరింపిస్తారని తెలిసింది. ఏఐ క్షణంలో బొమ్మ వేసిస్తున్న రోజుల్లో ఇదంతా అవసరమా? రెండింటిలో ఏది మంచిది? లేక సీఎస్‌ఈ చేయించి, తర్వాత డిజైన్‌లో పీజీ అయిన ఎండిజైన్‌కు పంపమంటారా? తనకు బొమ్మలు మరీ గొప్పగా కూడా రావు. ల్యాప్‌టాప్ ఏది కొనాలో కూడా చెప్పగలరు.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ఇలాంటి ఉత్తరాలు ఏటా సంక్రాంతి వెళ్లగానే మొదలై ఇంటర్ ఫలితాల దాకా వస్తూనే ఉంటాయి. కాలేజీల పేర్లు, కోర్సుల పేర్లు మారుతుంటాయి కానీ వాటి వెనకున్న భయం ఒక్కటే. అందరూ వెళ్లే దారి వదిలేస్తే రేపు మా పిల్ల గతేమిటి? ఆ మాట మీరు రాయలేదు. ఉత్తరం నిండా ఉన్నది మాత్రం అదే. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. పరీక్షల తేదీలు, సిలబస్ మీ అమ్మాయికి ఇప్పటికే తెలిసి ఉంటాయి, వాటి జోలికి వెళ్లను.

డిజైన్ చదివినవాళ్ల చేతిపని మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. స్టేట్ బ్యాంకు గుమ్మం మీద కనిపించే నీలం గుండ్రని గుర్తును 1971లో రూపొందించిన శేఖర్ కామత్ ఎన్‌ఐడీలో చదివినవారు. మీరు ఓటేసే ఈవీఎంకు ఆ రూపం ఇచ్చింది ఐఐటీ బాంబేలోని డిజైన్ విభాగం అధ్యాపకులు. 2010లో వచ్చిన రూపాయి గుర్తును గీసిన ఉదయకుమార్ కూడా ఆ విభాగంలోనే పరిశోధన చేశారు. ఫోన్ తెరలు, ఆసుపత్రి పరికరాలు, బట్టలు, పాఠ్యపుస్తకాలు, మ్యూజియంలు, వాహనాలు... అన్నింటి వెనకా ఈ చదువు చదివినవాళ్లున్నారు. పని లేక ఖాళీగా కూర్చునే చదువు కాదిది. కాకపోతే ఒక కంపెనీ వచ్చి ఒకేరోజు వందమందిని తీసుకుపోయే పద్ధతి ఇక్కడ ఉండదు. ఒక్కొక్కరి పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల సంపుటి, తెరిచి చూసి, ఇది ఎందుకు ఇలా చేశావని అడిగి తీసుకుంటారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే పిల్ల గురించి మీరు బెంగ పెట్టుకోనక్కర్లేదు.

ఇక మొదటి ఏడాది సంగతి. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో పిల్లలు ఎవరికీ మందు రాయరు, ఎముకలూ నరాలూ చదువుతారు. ఏడాది వృథా అయిందని ఏ తండ్రీ అడగడు. డిజైన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ అనుమానమే. అందుకని ఆ గదిలో జరిగే ఒక్క పని దగ్గరగా చూపిస్తాను.

రంగుల పాఠంలో పాతకాలం నుంచీ ఇచ్చే అభ్యాసం ఒకటుంది. ఒక చివర తెలుపు, ఇంకో చివర నలుపు, మధ్యలో ఏడు గడులు. వాటిని పోస్టర్ కలర్‌తో బూడిద ఛాయలు కలిపి నింపాలి. ఒక గడికీ పక్క గడికీ తేడా అన్నిచోట్లా కంటికి సమానంగా కనిపించాలి, అంతే షరతు. వినడానికి ఎల్‌కేజీ పనిలా ఉంటుంది. కూర్చుంటే తెలుస్తుంది. నలుపు కుంచె కొసంత ఎక్కువ పడితే చాలు, ఛాయ రెండు గడులు దాటిపోతుంది. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కుదిరిందనుకున్నది ఆరాక మారిపోతుంది. తెల్లారి గోడకు పెట్టగానే, నీ ఐదో గడీ ఆరో గడీ ఒకటేనని పది అడుగుల దూరం నుంచి తోటి పిల్లాడే పట్టేస్తాడు. మళ్లీ కలపాలి. అది కుదిరాక, అదే బూడిద కాగితం నుంచి రెండు ముక్కలు కత్తిరించి ఒకటి నల్ల అట్ట మీద, ఒకటి తెల్ల అట్ట మీద పెట్టమంటారు. నలుపు మీదిది లేతగా, తెలుపు మీదిది ముదురుగా కనిపిస్తుంది. రెండూ ఒకే కాగితమని తెలిసినా కన్ను ఒప్పుకోదు.

ఈ పని చేతులారా చేసిన పిల్ల రేపు ఒక బ్యాంకు యాప్‌లో తెల్ల తెర మీద లేత బూడిద అక్షరాలు పెట్టదు. మిట్టమధ్యాహ్నం పొలం గట్టు మీద నిలబడి ఖాతా చూసుకునే రైతుకు అవి కనిపించవని ఆమెకు తెలుసు. మామూలు సైజు అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. ఆ లెక్క సాఫ్ట్‌వేర్ కట్టేస్తుంది. లెక్క సరిపోయాక కూడా తెర చదవడానికి ఇబ్బందిగా ఉంటే అది కనిపెట్టాల్సింది మనిషే. ఏఐ గురించి మీరడిగినదానికీ నా జవాబు ఇదే. అది నిమిషంలో నలభై బొమ్మలు ఇస్తుంది. వాటిలో ఏది పనికొస్తుందో, ఎందుకు పనికొస్తుందో చెప్పగలిగినవాళ్లకే జీతం ఇస్తారు.

ఈ పద్ధతి ఎవరో పొద్దుపోక పెట్టింది కాదు. 1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలైన బౌహౌస్ అనే డిజైన్ బడిలో వర్క్‌షాపులోకి అడుగుపెట్టాలంటే ముందు ప్రాథమిక కోర్సు పూర్తి చేయాల్సిందే. దాన్ని మొదలుపెట్టినవారు యోహానెస్ ఇట్టెన్. తర్వాత ఆ కోర్సు చెప్పినవారిలో ఒకరైన యోసెఫ్ ఆల్బర్స్ పిల్లల చేతికి వట్టి కాగితం ఇచ్చి, ముక్క కూడా వృథా చేయకుండా దాని బలం బయటపడేలా ఏదైనా చేయమనేవారు. 1961లో అహ్మదాబాద్‌లో పెట్టిన ఎన్‌ఐడీతో ఆ ప్రాథమిక కోర్సు ఫౌండేషన్ పేరుతో ఇక్కడికీ వచ్చింది. మనవాళ్లు దానికి మన ఊళ్లను కలిపారు. పిల్లలు తరగతి వదిలి ఒక పల్లెకో బజారుకో వెళ్లి రోజుల తరబడి గమనించి రాసుకుంటారు, గీసుకుంటారు. పై తరగతుల్లో హస్తకళల డాక్యుమెంటేషన్ ఉంటుంది. ఏటికొప్పాకలో తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క ఎలా పట్టిస్తారో పక్కన కూర్చుని ఒక్కో మెట్టూ బొమ్మగా వేసుకున్న పిల్లకు వస్తువు అంటే ఏమిటో, దాన్ని చేసే మనిషి కష్టమేమిటో తెలుస్తుంది. తెర ముందు కూర్చుంటే అది రాదు.

మొదటి సెమిస్టర్ నుంచే యూఐ, యూఎక్స్ అనే ఆకర్షణ మీద నాకున్న అనుమానాలు కూడా దాచుకోకుండా చెబుతాను. సాఫ్ట్‌వేర్ నేర్పడం తప్పు కాదు. దాన్నే డిగ్రీగా అమ్మడం తప్పు. వెబ్‌లో బొమ్మలు కదిలించే ఫ్లాష్ నేర్చుకుంటే జీవితం స్థిరపడినట్టేనని ఒకప్పుడు మన ఊళ్లలో ఇన్‌స్టిట్యూట్లు చెప్పేవి. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్ కథ ముగిసింది. తర్వాత యాప్ తెరలు గీసే అడోబీ ఎక్స్‌డీ అన్నారు. 2019లో డిగ్రీలో చేరి దాన్నే నమ్ముకున్నవాళ్లు 2023లో బయటికొచ్చేసరికి ఆ కంపెనీ దాన్ని విడిగా అమ్మడమే ఆపేసింది. ఇప్పుడు ఫిగ్మా. బుద్ధిగా కూర్చుంటే కొద్ది వారాల్లో చేయి తిరిగే పనిముట్టు అది. దానికి నాలుగేళ్ల ఫీజు ఎందుకు కడతారు?

నా దగ్గరికి వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ఫుడ్ డెలివరీ యాప్‌ను మళ్లీ డిజైన్ చేశాం అంటారు. గోడ మీద రంగు రంగు స్టికీ నోట్ల ఫొటో ఒకటి ఉంటుంది. నెట్‌లో దొరికిన ఒక నవ్వు ముఖానికి పేరు పెట్టి, ఈమే మా యూజర్ అని రాస్తారు. నిజంగా ఎవరితో మాట్లాడావమ్మా అంటే తల దించుకుంటారు. ఆ పిల్లలను తప్పు పట్టను. వాళ్లకు నేర్పింది అంతే.

తెలుగు తెరల సంగతి చూస్తే నాకు ఇంకా బాధేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల కోసం కొలిచిన బటన్‌లో 'స్త్రీ' అని, 'లక్ష్మి' అని పెడితే కింది ఒత్తు సగం తెగిపోతుంది. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, వరుసకూ వరుసకూ మధ్య ఎక్కువ చోటు కావాలి. రెడీమేడ్ టెంప్లేట్లు దించుకోవడమే చదువైనవాళ్లకు ఈ సంగతి తట్టదు. అక్షరాన్ని చేత్తో గీసి, దాని పొట్ట ఎంత, తోక ఎంత అని కొలిచినవాళ్లకు వెంటనే తడుతుంది. కోట్లమంది చదివే భాషకు ఇలాంటి పని చేసేవాళ్లు చాలా తక్కువ. మీ అమ్మాయి ఆ లోటు తీర్చే మనిషి కావచ్చు.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం మూడు పేజీలు, ఇక్కడ కుదించి ఇచ్చాం. అందులో ఫీజు ఉంది, ప్యాకేజీ ఉంది, మీ తోడల్లుడి కొడుకు బెంగళూరు ఉద్యోగం ఉంది. మీ అమ్మాయి ఏం గీస్తుందో, చేత్తో ఏం చేస్తుందో ఒక్క వాక్యం లేదు. తనకు బొమ్మలు గొప్పగా రావని తీర్మానించారు. ఎప్పుడు చూశారు? పదో తరగతిలో డ్రాయింగ్ పుస్తకాలు అటక ఎక్కించామని మీరే రాశారు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లుండే కాలేజీలో వేశారు. పెన్సిల్ పట్టే తీరిక మీరే లేకుండా చేసి, ఇప్పుడు చేయి తిరగలేదని వంక పెట్టడం న్యాయమేనా?

ఆ చేయి తిరుగుతుంది లెండి. దేవుడి పటాలు, సినిమా తారల ముఖాలు అచ్చుగుద్దినట్టు వేయడం ఈ చదువుకు అవసరం లేదు. చూసింది కాగితం మీద స్పష్టంగా చెప్పగలిగితే చాలు. ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో లోపలి మూత ఉన్న కుక్కర్ ఉంటే, ఆ మూత పక్కకు వాలి లోపలికి ఎలా దూరుతుందో, ఎలా బిగుసుకుంటుందో మాటలు రాయకుండా నాలుగు బొమ్మల్లో చూపించమనండి. గీతలు వంకరపోయినా ఫర్వాలేదు. ఆ నాలుగు బొమ్మలు చూసి కుక్కర్ ఎప్పుడూ ముట్టుకోని మనిషి మూత పెట్టగలిగితే, ఆమెకు కావలసింది ఉన్నట్టే. కుదరకపోతే రోజూ గంట చొప్పున ఇంట్లో వస్తువులు గీయనివ్వండి, వస్తుంది.

సీఎస్‌ఈ చేసి తర్వాత ఎండిజైన్ అంటే, అది మంచి దారే. ఐఐటీ బాంబేలో 1969లో మొదలైన డిజైన్ విభాగం చాలాకాలం పీజీ చదువులకే. బీటెక్ తర్వాత సీడ్ (ఎండిజైన్ ప్రవేశ పరీక్ష) రాసి అక్కడికి వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. పిల్లకు ఇంజినీరింగ్ కూడా ఇష్టమైతే నిశ్చింతగా చేయించండి. నాలుగేళ్లలో మనసు మారుతుందిలే అన్న ఆశతో మాత్రం చేయించకండి. వద్దన్న చదువులో సబ్జెక్టులు మిగుల్చుకుని, డిజైన్ కూడా వదిలేసుకున్న పిల్లలను చూశాను.

ఇక పోలిక. ప్రభుత్వ సంస్థల్లో ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ మీకు దగ్గర, అమరావతిలోనే. 2019 చట్ట సవరణతో జాతీయ ప్రాముఖ్య సంస్థల్లో చేరింది. మొదటి ఏడాది అందరికీ ఫౌండేషన్, ఆపైన ఇండస్ట్రియల్, కమ్యూనికేషన్, టెక్స్‌టైల్ అండ్ అపారెల్ డిజైన్. బీడిజైన్ ప్రవేశ పరీక్ష యూసీడ్‌లో మంచి ర్యాంకు వస్తే కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ ఉంది. మనవాళ్లు పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్. చేయి తిరగడానికి మంచి చోటు, దాన్ని తక్కువ చూడకండి.

ప్రైవేటు యూనివర్సిటీలన్నీ పనికిరానివని నేననను. మీరు అనుకుంటున్న చోటికి సందర్శకుల కోసం ముస్తాబు చేసే ఓపెన్ హౌస్ రోజున కాకుండా మామూలు పనిరోజున వెళ్లండి. గోడల నిండా పిల్లల కాగితాలు గుచ్చి ఉన్నాయా, ఒక్కొక్కరికి సొంత బల్ల ఉందా, వర్క్‌షాపులో నేల మీద చెక్కపొట్టు ఉందా చూడండి. యంత్రాలు తళతళలాడుతూ గదికి తాళం వేసి ఉంటే, బయటికొచ్చేయండి. పిల్లల పనిని పరీక్షించే జ్యూరీకి బయటివాళ్లు వస్తారా అని అడగండి. మొదటి ఏడాదిలో అందరికంటే వెనకబడిన పిల్లాడి పని చూపించమనండి. బాగా చేసేవాళ్ల పని ఏ కాలేజీలోనైనా బాగుంటుంది. వెనకబడినవాడు సెప్టెంబరులో ఎలా ఉన్నాడో, ఏప్రిల్‌కు ఎలా మారాడో చూపించగలిగితే అక్కడ చదువు చెబుతున్నట్టు. ఫీజుతో పాటు సామాను, ప్రింట్లు, ప్రయాణాల ఖర్చు ఏటా ఎంతవుతుందో సీనియర్ల దగ్గర తెలుసుకోండి.

సీటు వచ్చాక ఇంకొకటి. రెండో నెలలోనో మూడో నెలలోనో మీ అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేయొచ్చు. రాత్రంతా మేలుకుని చేసిన పనిని జ్యూరీలో అందరి ముందూ విడదీసి తప్పులు చెబుతారు. ఎప్పుడూ ఫస్ట్ వచ్చిన పిల్లలకు అది తట్టుకోవడం కష్టం. ఆ రోజు, నేను ముందే చెప్పానుగా అనకండి. ఏం చేశావు, వాళ్లు ఏమన్నారు, నాకొక ఫొటో పంపు అనండి. అర్థం కాకపోయినా చూడండి.

ల్యాప్‌టాప్ ఇప్పుడు కొనకండి. ఏ కోర్సుకు ఎలాంటిది కావాలో చేరాక సీనియర్లే చెబుతారు, రెండో సెమిస్టర్ దాకా ఆగినా నష్టం లేదు. ప్రస్తుతానికి ఏ3 కార్ట్రిడ్జ్ షీట్లు, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు, ఒక పోస్టర్ కలర్ల పెట్టె చాలు. పరీక్షలయ్యాక అటక మీది పుస్తకాలు కూడా కిందికి దించి ఇవ్వండి. దరఖాస్తు ఏ కాలేజీకి పెట్టాలో ఆమెతో కలిసి కూర్చుని నిర్ణయించుకోండి.