సూది మొహం దాకా వచ్చేలోపు

అమ్మడూ,

మొహానికి ఇంజెక్షన్లు చేయించుకోవాలని గట్టిగానే అనుకున్నావు కాబట్టి వద్దని చెప్పను. కాకపోతే సూది గుచ్చేది పది నిమిషాలు, దానికి సిద్ధపడాల్సింది రెండు వారాలు. నా బాధంతా ఆ రెండు వారాల గురించే.

ముందు నీకు ఎక్కించేది ఏమిటో తేల్చుకో. జనం అన్నిటినీ కలిపి బొటాక్స్ అనేస్తారు. బొటులినం టాక్సిన్ కండరాన్ని సడలిస్తుంది. నుదుటి మీద, కనుబొమల మధ్య పడే గీతలకు అది. 3 నుంచి 5 రోజుల్లో పని మొదలుపెడుతుంది, పూర్తి ఫలితం 14 రోజులకు తెలుస్తుంది, 3-4 నెలలు ఉంటుంది. ఫిల్లర్ వేరు. అది ఎక్కువగా హైలురోనిక్ యాసిడ్ జెల్, పల్లంగా ఉన్నచోట నింపుతారు. దాని మార్పు వెంటనే కనబడుతుంది గానీ మొదటి రెండు మూడు రోజులు వాపు కూడా కలిసి ఉంటుంది. అద్దంలో చూసుకుని బెంబేలు పడకు. ఏదైనా ముఖ్యమైన రోజు దగ్గర్లో ఉంటే కనీసం 2 వారాల ముందు, మొదటిసారి కాబట్టి నెల ముందే చేయించుకో.

ఇక మందులు. సూది చిన్న రక్తనాళానికి తగిలితే రక్తం చర్మం కిందకి చేరి కమిలిపోతుంది. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, చేపనూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి గుళికలు వాడుతుంటే ఆ కమిలిన మచ్చ ఇంకా పెద్దదవచ్చు. వీటిలో నీ అంతట నువ్వు వేసుకుంటున్నవి ఉంటే డాక్టరుకు చెప్పి వారం ముందు మానెయ్. నొప్పి వస్తే పారాసెటమాల్ చాలు. అయితే ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకో: గుండెకో, పక్షవాతానికో డాక్టరు రాసిన రక్తం పలచబరిచే మందును ఆయన చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకూడదు. కమిలిన మచ్చ వారం పదిరోజుల్లో పోతుంది. మందు ఆపడం వల్ల నాళంలో రక్తం గడ్డకడితే ప్రాణానికే ముప్పు.

గర్భం, పాలివ్వడం, కండరాల బలహీనత జబ్బు, ఈమధ్య జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడటం, పాత ఫిల్లర్లు, ఎలర్జీలు, ఏదీ దాచకు. పెదవుల మీద తరచూ జ్వరపు పొక్కులు వస్తాయా? ఫిల్లర్ పెదవికైతే అది తప్పక చెప్పాలి. వాటిని అడ్డుకునే మాత్రలు ముందే మొదలుపెడతారు. పళ్ళ పని ఏదైనా ఉంటే ఫిల్లర్‌కూ దానికీ 2 వారాల ఎడం ఉంచు. పంటి పని వల్ల రక్తంలోకి చేరిన సూక్ష్మజీవులు జెల్‌ను పట్టుకునే ప్రమాదం ఉంది. ఆ రోజు మొహం మీద చీము పట్టిన మొటిమ ఉన్నా వాయిదా వెయ్యమని నువ్వే అడుగు.

మొద్దుబారే క్రీమ్ ఇంట్లో దట్టంగా పూసుకుని పైన ప్లాస్టిక్ చుట్టుకోకు. అందులో ఉండే లిడోకైన్ ఎక్కువగా ఒంట్లోకి ఇంకితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. దాన్ని క్లినిక్‌లోనే పూయించుకో. ఏదో ఒకటి తిని వెళ్ళు, ఖాళీ కడుపుతో కళ్ళు తిరుగుతాయి.

సీసానో, సిరంజినో నీ ఎదుటే తెరవమను, లాట్ నంబరు (ఆ మందు ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు) స్టిక్కరు నీ కాగితంలో అంటించమను. టాక్సిన్ యూనిట్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. "20 యూనిట్లు" అంటే ఏ మందువో అడగకపోతే ఆ లెక్కకు అర్థం లేదు. ఫిల్లర్ అయితే హైలురోనిడేజ్ క్లినిక్‌లో ఉందా అని మొహమాటం లేకుండా అడుగు. జెల్ రక్తనాళంలోకి పోతే దాన్ని కరిగించే మందు అది. లేదన్నచోట చేయించుకోవద్దు.

ఆ ప్రమాదం ఎలా ఉంటుందో ముందే తెలుసుకో. ఫిల్లర్ ఎక్కించాక ఆ చోట చర్మాన్ని వేలితో నొక్కి వదులు. తెల్లబడిన చోటికి రెండు సెకన్లలో మళ్ళీ రంగు రావాలి. ఆలస్యమైనా, చర్మం పాలిపోయినా, వలలా ఊదారంగు చారలు కనబడినా, నొప్పి పెరుగుతూ పోతున్నా గంటలు లెక్కపెట్టకుండా వెంటనే డాక్టరును పిలువు. చూపు మసకబారితే నేరుగా అత్యవసర విభాగానికి పో.

టాక్సిన్ అయితే చేయించుకున్నాక 4 గంటలు పడుకోకు, ఆ చోటు రుద్దకు. వ్యాయామం ఆ రోజుకు వద్దు. రాత్రిపూట కూడా ఎత్తే డాక్టరు నంబరు తీసుకుని, కుర్చీలో కూర్చోకముందే ఫోన్‌లో ఎక్కించుకో.

నీ
పెద్దమ్మ