భర్త, అత్తమామలు, స్నేహితులు అందరూ ఉన్నా ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను, ఏం చేయాలి?

ఇంట్లో తాగుడు, కొట్లాటల మధ్య పెరిగానని, ముప్పై దాటినా ఎవరైనా గొంతు పెంచితే చేతులు వణుకుతున్నాయని రాశారు. భర్త మంచివాడే అయినా నోరు రావడం లేదని, "అందరూ ఉన్నారు, నీకేం తక్కువ" అని బంధువులు అంటున్నారని కూడా రాశారు. వాళ్ల మాట పట్టించుకోకండి. చుట్టూ మనుషులుండటం వేరు, కష్టమొచ్చినప్పుడు ఒకరి దగ్గరకు వెళ్లగలగడం వేరు.

మాది ఆదోని వైపు పల్లె. మిరపకోతల కాలంలో అమ్మానాయన గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలిపనికి వలస, పోతూ నన్ను చిన్నాయన ఇంట్లో వదిలేవాళ్లు. ఆయన తాగొచ్చిన రాత్రి, వాకిలి చప్పుడును బట్టే ఇంట్లో దెబ్బలు పడతాయో లేదో తెలిసిపోయేది. కర్నూలులో ఉద్యోగం వచ్చాక కూడా పెద్దసారు ఫైలు బల్లమీద గట్టిగా పెడితే చాలు, నా కడుపులో తిప్పేది. ఆయన నన్ను ఒక్క మాట అన్నది లేదు.

ఇది పిరికితనం కాదండీ. భయంలో పెరిగిన పిల్లల ఒళ్లు ఎప్పుడు ఏ ప్రమాదమొస్తుందోనని కాచుకుని ఉండటానికి అలవాటు పడుతుంది. ప్రమాదం పోయినా ఆ అలవాటు తొందరగా పోదు. అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్నప్పుడు ఇలాంటి కష్టాలు ఎన్ని రకాలుగా ఎదురైతే పెద్దయ్యాక డిప్రెషన్, తాగుడు, గుండెజబ్బుల ముప్పు అంతగా పెరుగుతుందని తేలింది. అది వేలమందిని కలిపి చూసిన లెక్క. మీ ఒక్కరి జాతకం అందులో లేదు.

నాకు ధైర్యమిచ్చింది ఇంకో అధ్యయనం. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. ఎక్కువ కష్టాల్లో పెరిగినవాళ్లలో దాదాపు మూడోవంతు మంది బాగా నిలదొక్కుకున్నారు. వాళ్లను పట్టించుకున్న పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉండేవాళ్లు: అవ్వో, పొరుగావిడో, టీచరో. అది చదివినప్పుడు మా పక్కింటి అవ్వ గుర్తొచ్చి ఏడ్చాను. చిన్నాయన గొంతు వినపడగానే "రారా, నా పక్కన పండుకో" అనేది. ఏమైందని ఏనాడూ అడగలేదు.

మీకూ అలాంటి మనిషి ఒక్కరు చాలు. కానీ నోరు విప్పితే ఇంకో దెబ్బ పడే ఇంట్లో పెరిగినవాళ్లకు సాయం అడగడం చేతకాదు. అందుకే కథంతా ఒకేసారి చెప్పాలని చూడకండి. నేను ఆఫీసులో ఒక స్నేహితుణ్ణి "టెన్షన్‌గా ఉంది, కాసేపు నాతో నడుస్తావా" అని మాత్రమే అడిగాను. తుంగభద్ర ఒడ్డున ఊరికే నడిచేవాళ్లం. చిన్నాయన సంగతి చాలా కాలానికి గానీ బయటికి రాలేదు. మీవారితోనూ అంతే: "వణుకు వచ్చినప్పుడు పక్కన కూర్చో, సలహా ఏమీ చెప్పొద్దు" అనండి. ఏం కావాలో తెలియకే మగవాళ్లు చాలామంది సలహాలు మొదలుపెడతారు. "పాతవన్నీ మర్చిపో" అనేవాళ్లకు మాత్రం ఇవేవీ చెప్పొద్దు.

నిద్ర పట్టకపోయినా, పాత సంఘటనలు పదేపదే కళ్లముందుకొస్తున్నా డాక్టరును కలవండి. నేను కర్నూలు పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లాను, మేలు జరిగింది. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే చేయండి. చేయి ఆడకపోతే నంబరు కలిపి ఫోన్ చేతికివ్వమని మీవారిని అడగండి.