హాల్లో ఊసరవెల్లి, ఇంట్లో చంటిపాప... ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం అమెరికాలో, టెక్సస్‌లో ఉంటాం. మా బాబుకు 12 ఏళ్లు. ఏడాదిగా బతిమాలుతుంటే మొన్న పుట్టినరోజుకు వాళ్ల నాన్న వీల్డ్ కమీలియన్ అనే ఊసరవెల్లిని కొనిచ్చారు. దాని పంజరం హాల్లో, డైనింగ్ టేబుల్ పక్కనే ఉంది. పాపకు 8 నెలలు, ఇల్లంతా దోగాడుతోంది. తెనాలి నుంచి మా అత్తగారు వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. ఆవిడకు 69 ఏళ్లు, షుగర్ ఉంది. గ్యాస్ మాత్ర రోజూ వేసుకుంటారు. ఊసరవెల్లి విషజంతువని, దాని గాలి పాపకు సోకకూడదని రోజూ పోరుతున్నారు. పోయిన వారం పాపకు రెండు రోజులు మోషన్స్ అయ్యాయి, ఇప్పుడు తగ్గాయి. అప్పటి నుంచి నాకూ టెన్షన్ పట్టుకుంది. బాబేమో దాన్ని పంపిస్తే అన్నం తిననంటున్నాడు. పంజరం ట్రే కూడా వాడే వంటింటి సింక్‌లో కడుగుతాడు. ఇది ఇంట్లో ఉండొచ్చా?

జవాబు: అమ్మా, ముందు అసలు మాట చెప్పేస్తాను. పాపకు 5 ఏళ్లు నిండేవరకు ఆ ఊసరవెల్లి మీ ఇంట్లో కాకుండా వేరేచోట ఉండటమే మంచిది. ఆ ఏర్పాటు జరిగేలోపు, ఈ రోజే దాన్ని హాల్లోంచి తీసి తలుపు వేసుకునే గదిలోకి మార్చండి. ట్రేని వంటింటి సింక్‌లో కడగడం ఇప్పుడే ఆపించండి. మీ అత్తగారి భయం వేరు, నా భయం వేరు. కానీ పాప దగ్గర అది ఉండకూడదన్న చోట ఇద్దరిదీ ఒకే మాట.

ఆవిడ భయం సంగతి ముందు చూద్దాం. ఊసరవెల్లికి విషం లేదు. పళ్లలో లేదు, చర్మంలో లేదు, ఊపిరిలో లేదు. కోపం వస్తే ఒళ్లు ఉబ్బించి, నోరు తెరిచి బుసకొడుతుంది. మరీ విసిగిస్తే కరుస్తుంది. కరిస్తే సబ్బు నీళ్లతో బాగా కడిగి, ధనుర్వాతం టీకా గడువు దాటిందేమో చూసుకోవాలి. వాపు, చీము కనిపిస్తే డాక్టర్‌కు చూపించాలి. రంగులు మార్చడంలోనూ మాయ ఏమీ లేదు. దాని చర్మ కణాల్లో గ్వానిన్ అనే పదార్థం సన్నటి స్ఫటికాలుగా పేర్చి ఉంటుంది. వాటి మధ్య ఎడం మారితే వాటి మీద పడి తిరిగొచ్చే వెలుతురు రంగు మారుతుంది. జెనీవా శాస్త్రవేత్తలు 2015లో పాంథర్ కమీలియన్‌లో ఈ సంగతి బయటపెట్టారు. చలి, ఎండ, భయం, కోపం, జత కోసం ఆరాటం... అన్నీ ఆ ఒంటి మీదే కనిపిస్తాయి. దాని ముక్కు దగ్గర తెల్లటి పొడిలాంటిది అంటుకుని ఉండటం ఆవిడ చూసే ఉంటారు. అది విషం కాదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అది ముక్కు గుండా బయటికి పంపేస్తుంది. పక్కన కూర్చుని ఇదంతా ఆవిడకు చదివి వినిపించండి. మన ఊళ్లలో తొండ కనిపించినా ఊసరవెల్లి కనిపించినా పిల్లల చేతికి రాయి వచ్చేది ఈ భయంతోనే.

ఇక నా భయం పేరు సాల్మొనెల్లా. ఊసరవెల్లి, బల్లి, తాబేలు, పాము... ఈ జాతి జీవుల పేగుల్లో ఈ బ్యాక్టీరియా హాయిగా కాపురం ఉంటుంది. దానివల్ల వాటికి సాధారణంగా జబ్బేమీ రాదు. మీ బాబు చూసుకుంటున్న ఊసరవెల్లి నిగనిగలాడుతూ, చురుగ్గా, కడుపునిండా తింటూ ఉన్నా దాని రెట్టలో సాల్మొనెల్లా ఉండొచ్చు. రోజూ ఉండదు, ఒకరోజు పడుతుంది, ఇంకోరోజు పడదు. అందుకే వెటర్నరీ డాక్టర్ దగ్గర ఒకసారి పరీక్ష చేయించి 'లేదు' అని కాగితం తెచ్చుకున్నా ధీమాగా ఉండటానికి లేదు. యాంటీబయాటిక్ పోసి దాని పేగుల్ని శుభ్రం చేయించాలని కొందరు అడుగుతారు. దానివల్ల ఆ క్రిమి పోదు, మందుకు లొంగని క్రిమి తయారవుతుంది.

'పాప దాన్ని ముట్టుకోదు కదా' అనుకోకండి. జబ్బుపడిన పసిపిల్లల్లో చాలామంది ఆ జంతువును ఒక్కసారి కూడా తాకి ఉండరు. దారి ఎలా ఉంటుందో చూడండి. ఊసరవెల్లి కొమ్మ మీద నుంచి రెట్ట వేస్తుంది. గోధుమరంగు ముద్ద, దాని పక్కన తెల్లటి సున్నంలాంటి భాగం. అది ఆకుల మీద, జాలీ మీద పడుతుంది. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీద చుక్కల్ని నాకుతుంది. అందుకని మీ బాబు రోజూ పంజరంలో నీళ్లు స్ప్రే చేస్తాడు. ఆ నీళ్లు రెట్ట మీదుగా కారి ట్రేలోకి, జాలీలోంచి కార్పెట్ మీదికి చేరతాయి. కార్పెట్ మీద పాప దోగాడుతుంది, ఆ చేయి నోట్లో పెట్టుకుంటుంది. ఇంకో దారి, ట్రే కడిగిన సింక్‌లోనే పాలసీసా కడుగుతారు. అదే స్క్రబ్బర్. ఈ క్రిమి పొడి నేల మీద కూడా వారాల తరబడి బతుకుతుంది.

హైదరాబాద్‌లో నా దగ్గరికి ఒకసారి ఏడు నెలల బాబును తీసుకొచ్చారు. జ్వరం, మోషన్స్‌లో రక్తం, కళ్లు లోపలికి పోయాయి. తల్లి చాలా శుభ్రంగా ఉండే మనిషి. నీళ్లు కాచి చల్లార్చి ఇస్తానంది, సీసా మరిగిస్తానంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఎంత అడిగినా తేలలేదు. చివరికి వాళ్ల తాతగారు, "తాబేలు నీళ్లు నేనే మారుస్తానండీ, రోజూ సింక్‌లోనే పారబోస్తా" అన్నారు. అదృష్టమని హాల్లో పెట్టుకున్న తాబేలు. ఇంట్లో పెంపుడు జంతువు ఉందా అని నేను మొదటిరోజే అడిగాను. లేదన్నారు. తాబేలును ఎవరూ పెంపుడు జంతువుగా లెక్కపెట్టలేదు. బాబు కోలుకున్నాడు. కానీ ఆ నాలుగు రోజులు ఆ తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అమెరికాలో 4 అంగుళాలలోపు చిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లోనే నిషేధించింది ఇందుకే. చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకునేవారు. ఊసరవెల్లి విషయంలో అలాంటి నిషేధం లేదు గానీ, 5 ఏళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఈ జాతి జీవులకు దూరంగా ఉండాలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. మీ ఇంట్లో ఇద్దరు ఆ లెక్కలోకి వస్తారు. ఆరోగ్యంగా ఉన్న, వయసు మీదపడని పెద్దవాళ్లలో ఇది ఎక్కువగా జ్వరం, కడుపులో నొప్పి, నీళ్ల విరేచనాలతో 4 నుంచి 7 రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఏడాదిలోపు పిల్లల్లో అలా కాదు. పేగు దాటి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడు పొరల దాకా వెళ్లే ప్రమాదం ఉంది. మీ అత్తగారి విషయంలో షుగర్‌తో పాటు ఆ గ్యాస్ మాత్రను కూడా గుర్తుపెట్టుకోవాలి. కడుపులోని ఆమ్లం ఇలాంటి క్రిముల్ని చంపే మొదటి కాపలాదారు. ప్యాంటప్రజోల్ లాంటి మాత్ర ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. అలాగని మాత్ర ఆవిడంతట ఆవిడ మానేయకూడదు. రోజూ అవసరమా కాదా అన్నది ఆవిడ డాక్టర్‌ను అడగండి.

పాపకు వచ్చిన మోషన్స్ దీనివల్లేనా? జ్వరం, రక్తం లేకుండా రెండు రోజుల్లో తగ్గిపోయాయంటే మామూలు వైరస్ కూడా అయి ఉండొచ్చు. ఉత్తరం చదివి తేల్చలేం, ఇప్పుడు హుషారుగా ఉంటే కంగారుపడక్కర్లేదు. మళ్లీ వస్తే మాత్రం మలంలో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్ష అడగండి. సాల్మొనెల్లా అయితే క్రిమి ఒంట్లోకి వెళ్లిన 6 గంటల నుంచి 6 రోజుల్లోపు లక్షణాలు మొదలవుతాయి. పాలు ఆపకుండా ఇవ్వండి, ఓఆర్ఎస్ లేదా అక్కడ దొరికే పీడియలైట్ కొద్దికొద్దిగా పట్టండి. మోషన్స్ ఆగిపోయే మాత్రలు, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ వేయొద్దు. మలంలో రక్తం, జ్వరం, పాప మగతగా ఉండటం, పాలు తాగకపోవడం, 6 గంటలుగా డైపర్ తడవకపోవడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

ఇప్పుడు బాబు సంగతి. 'నీవల్ల చెల్లికి జబ్బు వస్తుంది' అని మాత్రం అనకండమ్మా. ఆ మాట పిల్లవాడి మనసులో ఉండిపోతుంది. వాడికి ఆ ఊసరవెల్లి మీద ప్రేమ ఉంది, ఆ ప్రేమతోనే చెప్పాలి. నిజానికి హాల్ ఆ జీవికి కూడా మంచి చోటు కాదు. అది చెట్ల మీద ఒంటరిగా బతికే ప్రాణి. టీవీ మోత, మనుషుల రాకపోకలు, పైనుంచి చూసే ముఖాలు దానికి భయం. ఆ భయంతో ఒళ్లు నల్లబడుతుంది, తిండి తగ్గుతుంది. మనుషుల కంటి ఎత్తుకు పైన కొమ్మ, చుట్టూ ఆకులు, నిశ్శబ్దంగా ఉండే గది దొరికితేనే కుదుటపడుతుంది. 'దానికి ప్రశాంతమైన చోటు చూద్దాం' అంటే బాబుకు అర్థమవుతుంది. చిన్నపిల్లలు, పెద్దవయసువాళ్లు లేని స్నేహితుల ఇల్లు ఉంటే అక్కడ పెట్టి, శనివారాల్లో వెళ్లి చూసుకోమనండి. ఎంత విసుగొచ్చినా బయట వదిలేయొద్దు. అది యెమెన్, సౌదీ అరేబియా కొండల ప్రాణి, టెక్సస్ చలికి చచ్చిపోవచ్చు. చలి తక్కువగా ఉండే ఫ్లోరిడాలోనేమో అలా బయటపడినవి అక్కడ సంతతి పెంచుకుని కూర్చున్నాయి.

ఇంట్లో ఉన్నన్నాళ్లు ఆ గదిలోకి పాప వెళ్లకూడదు, తలుపు మూసే ఉండాలి. పనులన్నీ బాబు, వాళ్ల నాన్న చూసుకోవాలి. పాపకు పాలు పట్టే మీరు, అత్తగారు దాన్ని ముట్టుకోవద్దు. ట్రేని ఆరుబయట, దానికే కేటాయించిన టబ్‌లో, దానికే కేటాయించిన బ్రష్‌తో కడగాలి. మురికినీళ్లు టాయిలెట్‌లో పోయాలి. సబ్బుతో కడిగాక బ్లీచ్ నీళ్లతో తుడవాలి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, వేరే క్లీనర్ గానీ కలపొద్దు. ఆ తర్వాత 20 సెకన్లు సబ్బుతో చేతులు కడిగి, చొక్కా మార్చుకుని అప్పుడు పాపను ఎత్తుకోవాలి. బాబు దాన్ని భుజం మీద ఎక్కించుకోవడం, ముద్దుపెట్టుకోవడం మానేయాలి. కింద పడిన దాని కుబుసం ముక్కల్ని కూడా ఏరేయాలి. ఇప్పటిదాకా పంజరం ఉన్నచోట కార్పెట్‌ను షాంపూ చేయించండి, ఆరేవరకు పాపను అటు వదలొద్దు.

పంజరం పైన ఉండే దీపాలను చాలామంది పట్టించుకోరు. వేడి బల్బు ఒళ్లు కాలేంత వేడెక్కుతుంది. వైరు వేలాడుతుంటే నడక నేర్చే పిల్లలు లాగేస్తారు. క్లిప్‌కు వదిలేయకుండా గట్టిగా బిగించాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీబీ ట్యూబ్ లేకపోతే ఊసరవెల్లి ఎముకలు మెత్తబడతాయి కాబట్టి అది తీసేయడానికి లేదు, కానీ దాని వైపు ఎవరూ తేరిపార చూడకూడదు.

దానికి మేతగా తెచ్చే కీచురాళ్లు, బొద్దింకల డబ్బాను వంటింట్లో, ఫ్రిజ్ పక్కన పెట్టొద్దు. ఇంట్లో ఎవరికైనా రొయ్యలు పడవా? రొయ్యల్లో ఎలర్జీ తెప్పించే ప్రోటీన్‌కు దగ్గరి చుట్టం ఈ పురుగుల్లోనూ ఉంటుంది. ఆ గదిలోకి వెళ్లగానే తుమ్ములు, ఆయాసం వస్తుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

ఇది చదివి ఆంధ్ర, తెలంగాణల్లో ఎవరికైనా ఊసరవెల్లిని తెచ్చుకోవాలనిపిస్తే ఒక్క మాట. మన చేలల్లో కనిపించే ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. కనిపిస్తే దాని దారిన దాన్ని పోనివ్వండి.

పాపకు 9 నెలల చెకప్ దగ్గరపడుతోంది కదా. అక్కడి డాక్టర్ అడిగినా అడగకపోయినా, కూర్చోగానే 'మా ఇంట్లో ఊసరవెల్లి ఉంది, మొన్న పాపకు మోషన్స్ అయ్యాయి' అని చెప్పి ఫైల్లో రాయించండి. అత్తగారికి ఆరోజు జ్వరం గానీ మోషన్స్ గానీ ఉంటే ఆవిడను కూడా వేరుగా చూపించండి.