మధ్యయుగ చర్చి చట్టం రాతప్రతులను ఇంటి నుంచే చదవొచ్చా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌ఎం చేస్తున్నారు, పెళ్లికి ఇద్దరి సమ్మతే ప్రాణం అనే మాట చర్చి చట్టంలో ఎలా స్థిరపడిందో రాయాలనుకుంటున్నారు. యూరప్ వెళ్లే వీలు లేదు. ఆన్‌లైన్లో ఉన్న రాతప్రతులను ఏఐతో చదివించుకుని పని కానివ్వొచ్చా?

నేను లా అయ్యాక జర్మనీలో మధ్యయుగ చరిత్ర చదివాను. ఇప్పుడు విజయవాడలో ఉంటూ అదే పని చేస్తున్నాను. ఇంటి నుంచే చాలా దూరం వెళ్లొచ్చని ధైర్యంగా చెప్పగలను. అయితే టూల్స్ ఏమున్నాయని వెతుక్కుంటూ మొదలుపెట్టకండి. ఒక్క కానన్ (చర్చి చట్టంలోని ఒక నియమం) పట్టుకుని దాని వెంట పడండి. ఏ టూల్ ఎందుకో ఆ దారిలో మీకే తెలుస్తుంది.

మీ అంశానికి సరిపోయే కానన్ ఒకటుంది. బల్గేరియా పాలకుడు బోరిస్ పంపిన ప్రశ్నలకు పోప్ మొదటి నికొలస్ 866లో 106 అధ్యాయాల జవాబు రాశాడు. మూడో అధ్యాయం పెళ్లి గురించి. ఉంగరం, వధువుకిచ్చే ఆస్తి, గుడిలో కానుకలు, ఆశీర్వాదం, మేలిముసుగు, తలపై కిరీటాలు... రోమ్ వైపు ఆచారాలన్నీ వరసగా చెబుతాడు. చెప్పి, ఇవన్నీ జరగకపోయినా పాపమని మేం అనం, పేదరికం వల్ల కొందరికి కుదరదు కదా అంటాడు. చట్టాల ప్రకారం ఇద్దరి సమ్మతి ఒక్కటే చాలు, ఆ ఒక్కటి లేకపోతే మిగతావన్నీ జరిగినా వృథాయే అని తేలుస్తాడు. అప్పుల పాలై పెళ్లిళ్లు చేసే మన ఊళ్లలో పెరిగిన నాకు ఈ అధ్యాయం ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది. ఈ రోజుకీ కాథలిక్కుల 1983 చట్టసంహితలో 1057వ కానన్ సమ్మతే పెళ్లిని చేస్తుందని అంటుంది. గుంటూరులోనైనా, వరంగల్‌లోనైనా లాటిన్ రీతి కాథలిక్ పెళ్లికి వర్తించేది అదే.

ఇక దాని వెంట వెళ్దాం. 1140 ప్రాంతంలో ఇటలీలోని బొలోన్యాలో గ్రేషియన్ అనే చర్చి చట్ట పండితుడు పాత కానన్లను ఒకచోట చేర్చి డెక్రెటమ్ అనే సంకలనం కూర్చాడు. అందులో కాసా అంటే ఊహించిన ఒక వ్యాజ్యం, దాని కింద ప్రశ్నలు, ప్రశ్నల కింద కానన్లు ఉంటాయి. 27వ కాసా రెండో ప్రశ్నలో ఈ కానన్ ఉంది. బ్రహ్మచర్య వ్రతం పట్టిన ఒకడు ఒకమ్మాయితో నిశ్చితార్థం చేసుకున్నాడు. ఆమె అతణ్ని కాదని వేరొకరిని చేసుకుంది, మొదటివాడు నా భార్యను నాకిప్పించమన్నాడు. ఆ వ్యాజ్యం కింద రెండో కానన్‌గా నికొలస్ మాట వస్తుంది, కానీ ఉంగరాలు, కిరీటాలు అక్కడ లేవు. ఆ ముక్క 30వ కాసా ఐదో ప్రశ్నలో ఉంది. ఒకే ఉత్తరంలోని ఒకే అధ్యాయాన్ని కోసి రెండు చోట్ల పెట్టారు. ఇలాంటి కోతలు పట్టుకోవడం దగ్గరే డిజిటల్ పనిలోని అసలు బలం కనిపిస్తుంది.

దీనికి మొదట తెరవాల్సింది క్లావిస్ కానోనుమ్ అనే డేటాబేస్. గ్రేషియన్‌కు ముందున్న చర్చి చట్ట సంకలనాలను లిండా ఫౌలర్-మాగెర్ల్ ఏళ్ల తరబడి శ్రమించి డేటాబేస్‌గా చేశారు. మధ్యయుగ మూలగ్రంథాలను ప్రచురించే జర్మన్ సంస్థ మాన్యుమెంటా జెర్మేనియే హిస్టోరికా వాళ్లు దాన్ని ఉచితంగా ఆన్‌లైన్లో ఉంచారు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. అందులో కానన్ల పూర్తి పాఠం ఉండదు, మొదటి మాటలు, చివరి మాటలు, శీర్షిక, ఎవరి మాటగా చెప్పారన్న వివరం ఉంటాయి. వాక్యం మధ్యలోని పదం వేస్తే ఏమీ రాదు. కూర్చినవాళ్లు మొదలు కత్తిరించడం మామూలే కాబట్టి చివరి మాటలతో కూడా వెతకండి. 'సుఫిచియాత్ సెకుందుమ్ లేజెస్' (Sufficiat secundum leges, 'చట్టాల ప్రకారం చాలు') అన్న ఆరంభంతో వెతికి చూడండి, గ్రేషియన్‌కు ముందు చర్చి చట్టాలను సంకలనం చేసిన బిషప్ ఇవో ఆఫ్ షార్త్ర్ కాలానికే ఈ మాట చేతులు మారుతూ వచ్చిందని కనిపిస్తుంది. ఉత్తరం నుంచి గ్రేషియన్ నేరుగా తీసుకున్నాడని రాసేయకుండా ఇది మిమ్మల్ని కాపాడుతుంది.

డెక్రెటమ్ ముద్రిత పాఠానికి ఫ్రీడ్‌బెర్గ్ అనే పండితుడు 1879లో పరిష్కరించి వేసిన ప్రతి ఆన్‌లైన్లో ఉంది, అందరూ ఉదహరించేది అదే. వాడండి, కానీ దాన్నే గ్రేషియన్ అనుకోవద్దు. డెక్రెటమ్ రెండు దశల్లో పెరిగిందని 2000లో చరిత్రకారుడు అండర్స్ విన్‌రోత్ చూపించారు. మొదటి రూపం కంటే రెండోది దాదాపు రెట్టింపు. మొదటి రూపం మిగిలిన ప్రతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: ఆస్ట్రియాలోని అడ్మాంట్ మఠంలో, ఫ్లోరెన్స్‌లో, బార్సిలోనాలో, పారిస్‌లో. ఫ్లోరెన్స్ ప్రతిలో తర్వాతి కాలపు చేర్పులు మార్జిన్లలోనూ, చివర అనుబంధంగానూ ఉంటాయి. అంటే పుస్తకం పెరిగిన తీరు పేజీ మీదే కనిపిస్తుంది. అదే పాఠాన్ని టైపు చేసి సెర్చ్ బాక్సులో పెడితే మూలం, తర్వాత చేర్చింది ఒకే వరసలో వచ్చేస్తాయి. ఏ మాట ఎవరి చేతిదో మార్జిన్ చెబుతుంది, సెర్చ్ చెప్పదు.

కాబట్టి పేజీల బొమ్మలు (ఫొటోలు) చూడాల్సిందే. స్విట్జర్లాండ్ వాళ్ల ఈ-కోడిసెస్ అనే వెబ్‌సైట్‌లో సెయింట్ గాలెన్ మఠం గ్రంథాలయంలోని 673 నంబరు రాతప్రతి మొత్తం రంగుల్లో ఉంది. అందులో డెక్రెటమ్ పొట్టిగా ఉంటుంది. అదే అన్నిటికంటే ముందరి చిత్తుప్రతి అని కార్లోస్ లర్రైన్‌సార్ వాదిస్తే, కాదు, తర్వాతివాళ్లు కుదించుకున్న ప్రతి అని విన్‌రోత్ వంటివాళ్లు అన్నారు. చదవడం వచ్చాక ఆ వాదం మీ కళ్లతోనే తూచుకోవచ్చు. మంచి అభ్యాసం కావాలంటే జర్మనీలోని కొలోన్ కథెడ్రల్ గ్రంథాలయంలోని 127, 128 నంబర్ల ప్రతులు చూడండి. ఫ్రీడ్‌బెర్గ్ ప్రధానంగా ఆధారపడినవి అవే, రెండూ డిజిటైజ్ అయ్యాయి. ఆయన అచ్చువేసింది ఒక పక్క, ఆయన చూసిన పేజీ ఇంకో పక్క పెట్టుకుని ఒక కాసా చదివితే ఏ పాఠ్యపుస్తకమూ నేర్పనిది వస్తుంది. వేర్వేరు లైబ్రరీల ప్రతులను పక్కపక్కన పెట్టాలంటే మిరడార్ అనే ఉచిత వ్యూయర్ ఉంది. ఐఐఐఎఫ్ (లైబ్రరీలు బొమ్మలు పంచుకునే ఉమ్మడి పద్ధతి, IIIF) గుర్తు ఉన్న రాతప్రతి తాలూకు లింకు అందులో వేస్తే చాలు. పాత మైక్రోఫిల్మ్ నుంచి తీసిన నలుపు-తెలుపు స్కాన్‌లతో మాత్రం జాగ్రత్త. ఎర్ర సిరాతో రాసిన శీర్షికలు మామూలు అక్షరాల్లో కలిసిపోతాయి, చెరిపి రాసిన చోట్లు కనిపించవు.

ఇప్పుడు ఏఐ సంగతి. ఇన్స్‌బ్రుక్‌లో మొదలైన ట్రాన్స్‌క్రిబస్, ఓపెన్ సోర్స్‌లో ఈ-స్క్రిప్టోరియమ్ చేతిరాతను చదివిపెడతాయి. నేనూ వాడతాను. పెద్ద ప్రతిలో ఫలానా కానన్ ఏ ఆకులో ఉందో వెతకడానికి అవి నిజంగా గొప్ప సాయం. కానీ చట్టం రాతప్రతుల్లో ప్రతి పంక్తీ సంక్షిప్తాలే. 'పి' అక్షరం కాలికి అడ్డగీత ఉంటే 'పెర్', కాలి నుంచి ఎడమవైపు కొక్కెంలా వంపు ఉంటే 'ప్రో', తల మీద గీత ఉంటే 'ప్రే'. 'ఎన్' మీద గీత ఉంటే 'నోన్', అంటే కాదు. అదే 'ఎన్' మీద చిన్న 'ఐ' ఉంటే 'నిసి', అంటే తప్ప. సిరా కాస్త వెలిస్తే మెషీన్ ఒకదాన్ని ఇంకొకటిగా చదివి, తడుముకోకుండా శుభ్రమైన లాటిన్ ఇచ్చేస్తుంది. కథలో అయితే ఒక పదం పోతుంది, చట్టంలో నిషేధం అనుమతి అయిపోతుంది. పైగా ప్రసిద్ధమైన కానన్ అయితే, చాట్‌బాట్ పేజీలో లేని మాటను కూడా ముద్రిత పాఠం నుంచి తెచ్చి పెట్టగలదు. మీరు వెతికేది సరిగ్గా ఆ తేడానే కదా!

అందుకే ముందు సంక్షిప్తాలు నేర్చుకోండి. కపెల్లి 1899లో వేసిన సంక్షిప్తాల నిఘంటువు స్కాన్ దొరుకుతుంది. ఫ్రీడ్‌బెర్గ్ పాఠం మూసి పెట్టి, రోజుకు నాలుగైదు పంక్తులు మీ చేత్తో రాసుకుని, తర్వాత తెరిచి సరిచూసుకోండి. లాటిన్ రాదని టెన్షన్ పడకండి, చర్చి చట్టం లాటిన్ కవుల లాటిన్ అంత కష్టం కాదు, అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. అలా ఒక కాసా మీ చేతుల మీదుగా వెళ్లాక మెషీన్ తప్పు ఎక్కడుందో మీరే పట్టుకుంటారు.

ఇక మీ నోట్స్. ప్రతి పాఠాంతరం (రాతప్రతుల మధ్య మాట తేడా) పక్కన లైబ్రరీ పేరు, ప్రతి నంబరు, ఆకు నంబరు, ముందువైపా వెనకవైపా, ఏ నిలువు వరస అన్నది అక్కడికక్కడే రాసుకోండి. వ్యూయర్ చూపించే బొమ్మ నంబరు, ఆకు నంబరు ఒకటి కావు. ఎక్కడైనా చెరిపి రాసినట్టు అనుమానం వస్తే తెర మీద చూసి తేల్చకండి. ఆ ఆకు, ఆ పంక్తి చెప్పి లైబ్రరీకే ఈమెయిల్ రాయండి. ప్రశ్న ఎంత కచ్చితంగా ఉంటే అంత ఉపయోగపడే జవాబు వస్తుందన్నది నా అనుభవం.